మొదటి మహిళకు తలుపు తీసిందెవరు?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం మన ఇళ్ళలో ఒక ప్రశ్న తప్పకుండా లేస్తుంది. ఆడపిల్లను ఏ గ్రూపులో చేర్చాలి? కోవిల్‌పట్టి అయినా, విరుదునగర్ అయినా, మధ్యలో ఉన్న సాత్తూరు అయినా ఈ ప్రశ్న ఒకటే. లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లకు కూడా ‘నీకెందుకమ్మా అంత కష్టం, దగ్గర్లో ఏది ఉంటే అది చదువుకో’ అని నచ్చజెబుతాం. అవే మార్కులు మగపిల్లవాడికి వస్తే పాలిటెక్నిక్ దరఖాస్తు తెచ్చి ముందు పెడతాం. ఇందులో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. పిల్ల క్షేమంగా ఉండాలి, చీకటి పడకముందే ఇంటికి రావాలి, పెళ్ళికి అడ్డం రాకూడదు అన్న ఆలోచనే. కానీ ఆ ఒక్క వారంలో తీసుకున్న నిర్ణయంతో ఎన్నో పనులకు వెళ్ళే దారి ఆమెకు మూసుకుపోతుంది. పదిహేనేళ్ళ పిల్లకు ఆ సంగతి తెలియదు. చాలాసార్లు మనకూ తెలియదు.

మగవాళ్ళ పనిగా పేరుపడ్డ రంగాల్లో అడుగుపెట్టిన నలుగురు స్త్రీల గురించి ఈ వారం చెప్పదలిచాం. ముగ్గురు తెలుగువాళ్ళు. ఒకరు మనకు దక్షిణాన ఉన్న కన్యాకుమారి జిల్లావారు. వాళ్ళ ధైర్యాన్ని మెచ్చుకుంటూ ఇప్పటికే చాలామంది రాశారు. మేము చూడదలిచింది ఆ ధైర్యానికి తోడుగా ఏం దొరికింది అన్నది. ఎవరు మాట సాయం చేశారు, ఏ ఏర్పాటు ఆదుకుంది, ఏ నియమం మారింది అన్న వివరాల్లోనే మన బడులకు, మన ఇళ్ళకు పనికొచ్చే పాఠం ఉందని మా నమ్మకం.

పని మనకు కొత్త కాదు

ఈ ప్రాంతంలో ఆడవాళ్ళు గడప దాటి పనికి వెళ్ళడం వింతేమీ కాదు. కరిసల్ అని ఇక్కడ పిలుచుకునే నల్లరేగడి నేల వాన మీద ఆధారపడ్డది. తెలుగు కుటుంబాలు తరాల కిందట దక్షిణానికి తరలివచ్చి, అడవి కొట్టి సేద్యం మొదలుపెట్టిన కథను కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలలో చెప్పారు. ఆ సేద్యంలో పత్తి తీయడం, కలుపు తీయడం, మిరప కోయడం అన్నీ ఆడవాళ్ళ చేతుల మీదుగానే సాగాయి.

తర్వాత అగ్గిపెట్టెల కాలం వచ్చింది. శివకాశికి చెందిన అయ్య నాడార్, షణ్ముగ నాడార్ 1922లో కలకత్తా వెళ్ళి తయారీ నేర్చుకున్నారు. తిరిగొచ్చి 1923లో సొంత ఊళ్ళో పని మొదలుపెట్టారు. శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టుపక్కల పల్లెలకు అదే ఆధారమైంది. మన వాళ్ళు కూడా ‘తీప్పెట్టి ఆఫీసు’ అనే పిలిచే ఆ ఫ్యాక్టరీల్లో పని రెండుగా చీలింది. చట్రాల్లో పుల్లలు పేర్చడం, డబ్బాలు అంటించడం, పుల్లలు నింపడం, లేబుళ్ళు అతికించడం ఎక్కువగా ఆడవాళ్ళది. మందు కలపడం, చట్రాన్ని మందులో ముంచడం, యంత్రం నడపడం, లెక్కలు చూడటం మగవాళ్ళది. ఒకే కప్పు కింద ఒక వైపు ఎన్ని చేస్తే అంత అన్న కూలి, ఇంకో వైపు నేర్చుకున్న పనికి వచ్చే జీతం.

ఒకప్పుడు తెల్లవారకముందే ఫ్యాక్టరీ బండ్లు పల్లెలకు వచ్చి చిన్నపిల్లలను ఎక్కించుకుపోయేవి. వాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ. 1986లో వచ్చిన బాలకార్మిక నిషేధ చట్టం అగ్గిపెట్టెలు, బాణసంచా పనుల్లో పిల్లలను పెట్టుకోకూడదని స్పష్టంగా చెప్పింది. ఇప్పుడు పొద్దున్నే ఆ దారిలో బడి బస్సులు తిరుగుతున్నాయి. ఇది చిన్న మార్పు కాదు. అయితే బడికి వెళ్ళిన ఆ ఆడపిల్ల చదువు ముగించి ఏ పనికి వెళుతోంది అన్నది చూస్తే పాత గీత ఇంకా చెరగలేదు. కాబట్టి మన దగ్గర ఆడవాళ్ళు పని చేయాలా వద్దా అన్న చర్చ ఎప్పుడో ముగిసింది. మిగిలిందల్లా ఏ పని అన్నది. చేతితో చేసే పని మట్టుకేనా? నక్షా గీసి సంతకం పెట్టే పని, యంత్రం నడిపే పని, కోర్టులో వాదించే పని కూడానా?

గిండీ కాలేజీలో ఒక తండ్రి

అయ్యలసోమయాజుల లలిత 1919 ఆగస్టు 27న మద్రాసులో తెలుగు కుటుంబంలో పుట్టారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్. అంత చదువుకున్న ఇంట్లో కూడా మగపిల్లలు ఇంజనీర్లయ్యారు, ఆడపిల్లలకు కొద్దిపాటి చదువు చెప్పించి పెళ్ళిళ్ళు చేశారు. లలితకు పదిహేనేళ్ళకే పెళ్ళయింది. పద్దెనిమిదేళ్ళ వయసులో, నాలుగు నెలల పసిపాప ఒళ్ళో ఉండగా భర్త పోయారు. 1930ల చివరి మాట ఇది. చిన్న వయసులో భర్త పోయిన స్త్రీకి ఆ రోజుల్లో తెల్ల చీర, ఒక మూల గది తప్ప ఇంకేమీ మిగలని ఇళ్ళు ఎన్నో.

లలిత పుట్టింటికి వచ్చారు. క్వీన్ మేరీస్ కాలేజీలో ఇంటర్మీడియట్ మొదటి తరగతిలో పూర్తి చేశారు. తర్వాత ఏం చదవాలి అన్నప్పుడు ఆమె లెక్క చాలా సూటిగా ఉంది. డాక్టరైతే వేళాపాళా లేకుండా పరుగెత్తాలి, పసిపిల్లను వదిలి రాత్రిళ్ళు వెళ్ళాలి. వేళకు వెళ్ళి వేళకు ఇంటికి వచ్చే పని కావాలి. అందుకు ఇంజనీరింగ్ బాగుంటుందనుకున్నారు. ఆడపిల్లకు ఇంజనీరింగ్ కుదరదని ఈనాటికీ మనం చెప్పే కారణం పిల్లలు, ఇల్లు. లలిత అదే కారణంతో ఇంజనీరింగ్ ఎంచుకున్నారు.

అప్పటిదాకా గిండీలో ఆడపిల్లలు లేరు. సుబ్బారావు ప్రిన్సిపాల్ కె.సి. చాకోతో మాట్లాడారు. విద్యాశాఖ డైరెక్టరుగా ఉన్న స్టాథమ్‌తో మాట్లాడారు. ఇద్దరూ ఒప్పుకున్నారు. 1940లో లలిత ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్‌లో చేరారు. మగపిల్లల మధ్య ఒక్కతే ఆడపిల్ల. హాస్టల్‌లోనూ ఒంటరితనమే. అప్పుడు సుబ్బారావు ఇంకో పని చేశారు. ఆడపిల్లలకు సీట్లు ఉన్నాయని కాలేజీ తరఫున ప్రకటన వేయించారు. లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా అనే ఇద్దరు సివిల్ ఇంజనీరింగ్‌లో చేరారు. అలా ఒకరు ముగ్గురయ్యారు.

1943లో లలిత పట్టా అందుకున్నారు. డిగ్రీ పత్రం మగవాళ్ళ కోసమే అచ్చయి ఉంది. అందులో ‘అతడు’ అనే అర్థంలో ఉన్న ఇంగ్లీషు మాటను కొట్టేసి ‘ఆమె’ అని చేత్తో దిద్దాల్సి వచ్చింది. ఆ దిద్దుబాటుతో మన దేశంలో తొలి తరం మహిళా ఇంజనీర్లు బయటికి వచ్చారు. లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొందారు, సిమ్లాలో కేంద్ర ప్రభుత్వ సంస్థలో పనిచేశారు, కొంతకాలం తండ్రి పరిశోధనల్లో తోడ్పడ్డారు. 1948లో కలకత్తాలో అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరి విద్యుత్ లైన్లు, సబ్‌స్టేషన్ల నమూనాలు రూపొందించే పనిలో స్థిరపడ్డారు. భాక్రా నంగల్ ఆనకట్ట విద్యుత్ పనుల్లో ఆమె కృషి ఉంది. లండన్‌లోని ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ 1953లో ఆమెను అసోసియేట్ సభ్యురాలిగా, 1966లో పూర్తి సభ్యురాలిగా తీసుకుంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్ళారు. 1977లో ఉద్యోగ విరమణ చేశారు, 1979లో కన్నుమూశారు. ఉద్యోగం చేసిన ఊళ్ళలో తోబుట్టువుల ఇళ్ళు అండగా ఉండటంతో కూతురిని దగ్గరుండి పెంచుకోగలిగారు.

ఆమెతో చదివిన త్రేసియా 1971లో కేరళ ప్రజా పనుల శాఖకు చీఫ్ ఇంజనీరయ్యారు. ఆ స్థాయికి చేరిన తొలి భారతీయ మహిళ ఆమే. ఒక తండ్రి తన కూతురికి తోడు కావాలని వేయించిన ప్రకటన ఇంకో రాష్ట్రంలో రోడ్లకు, వంతెనలకు ఒక పెద్ద ఇంజనీరును ఇచ్చింది.

జులై 15న పుట్టిన ఇంకొకరు

జులై 15 అనగానే మన బడుల్లో కామరాజ్ గుర్తొస్తారు. విరుదునగర్‌లో 1903లో పుట్టిన ఆయన జయంతిని విద్యాభివృద్ధి దినంగా జరుపుకుంటున్నాం. అదే తేదీన, 1909లో రాజమండ్రిలో ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు దుర్గాబాయి. దేశమంతా దుర్గాబాయి దేశ్‌ముఖ్‌గా తెలుసు.

భాష కోసం ఆలోచించే మన పాఠకులకు ఆమె చిన్ననాటి సంగతి ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంగ్లీషు మాధ్యమాన్ని తమ మీద రుద్దుతున్నారని పన్నెండేళ్ళ వయసులో ఆమె బడి మానేశారు. అంతటితో ఊరుకోకుండా రాజమండ్రిలో ఆడపిల్లలకు హిందీ నేర్పే పాఠశాల పెట్టారు. ఎనిమిదేళ్ళకే జరిగిన బాల్య వివాహాన్ని పెద్దయ్యాక ఆమె కాదనుకున్నారు. తండ్రి, తమ్ముడు ఆమె పక్షాన నిలిచారు.

ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో అరెస్టై వెల్లూరు, మదురై జైళ్ళలో గడిపారు. మదురై జైల్లో ఆమెకు ఏకాంత నిర్బంధం. విరుదునగర్ నుంచి గంట ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళోనే ఇది జరిగింది. జైలు జీవితంలో ఆమె చదువు లేని, చట్టం అంటే ఏమిటో తెలియని స్త్రీ ఖైదీలను చూశారు. తమ తరఫున ఏం చెప్పుకోవాలో కూడా తెలియక శిక్షలు అనుభవిస్తున్నవాళ్ళు వాళ్ళు. లాయరు కావాలన్న ఆలోచన అక్కడ గట్టిపడింది.

విడుదలయ్యాక ఆగిపోయిన చదువును మళ్ళీ అందుకున్నారు. ఒకప్పుడు వద్దనుకున్న ఇంగ్లీషును పట్టుదలగా నేర్చుకున్నారు. బనారస్ మెట్రిక్ పరీక్షకు సొంతంగా చదివి పాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరబోతే అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదన్న ఇబ్బంది ఎదురైంది. చదువుకోవాలనుకునే ఆడపిల్లలు ముందుకు రావాలని ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చారు. వచ్చినవాళ్ళను కూడగట్టి హాస్టల్ ఏర్పాటు చేసుకున్నారు. సీటు దొరికింది. 1942లో మద్రాసులో లా పట్టా పొంది లాయరుగా పని మొదలుపెట్టారు. స్త్రీలు లాయర్లుగా పనిచేయవచ్చని చట్టం వచ్చిందే 1923లో. ఆమె కోర్టులో అడుగుపెట్టేనాటికి ఆ చట్టానికి ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు. 1946 నుంచి రాజ్యాంగ సభలో సభ్యురాలు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు.

ఆమె మద్రాసులో 1937లో పెట్టిన ఆంధ్ర మహిళా సభ గురించి తెలియని తెలుగువారు ఈ రాష్ట్రంలో తక్కువ. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ళను తను రాసిన ఆ బనారస్ మెట్రిక్ పరీక్షకే అక్కడ తయారుచేశారు. తాను ఎక్కిన మెట్టును ఇంకొకరికి చూపించడం అంటే ఇదే.

స్టీరింగ్, కరెంటు స్తంభం

లలితకు ప్రొఫెసర్ తండ్రి ఉన్నాడు, దుర్గాబాయికి ఉద్యమం ఉంది, మామూలు ఇళ్ళ సంగతేమిటి అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అందుకే మిగతా ఇద్దరూ.

కన్యాకుమారి జిల్లాకు చెందిన ఎం. వసంతకుమారి 1993లో తమిళనాడు ప్రభుత్వ రవాణా సంస్థలో బస్సు డ్రైవరుగా చేరారు. ఆసియాలోనే ప్రభుత్వ బస్సు నడిపిన తొలి మహిళగా ఆమెను చెబుతారు. పెళ్ళితోనే నలుగురు ఆడపిల్లలకు తల్లి అయ్యారు. భర్త భవన నిర్మాణ పని చేసేవారు. ఇల్లు గడవడమే కష్టం. బండి నడపడం చిన్ననాడే వచ్చు. హెవీ లైసెన్సు తీసుకున్నారు. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాల్లో మహిళలకు 30 శాతం కేటాయించాలని 1989లో తెచ్చిన నియమం ఆమెకు దారి చూపింది. డ్రైవరు ఉద్యోగానికి ఆడమనిషి దరఖాస్తు పెడితే అధికారులు మొదట తటపటాయించారు. ఆమె పట్టు వదలలేదు, పరీక్షల్లో నెగ్గారు, చివరికి ఆర్డరు వచ్చింది. నాగర్‌కోయిల్ నుంచి ఏళ్ళ తరబడి బస్సు నడిపి 2017లో రిటైరయ్యారు.

తెలంగాణలోని సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష ఐటీఐలో ఎలక్ట్రికల్ చదివారు. విద్యుత్ పంపిణీ సంస్థ 2019లో జూనియర్ లైన్‌మన్ ఉద్యోగాలకు ప్రకటన ఇచ్చింది. అందులో మహిళలకు చోటు లేదు. శిరీష, ఆమెలాంటి మరికొందరు హైకోర్టుకు వెళ్ళారు. కోర్టు ఆదేశంతో రాత పరీక్ష రాశారు, స్తంభం ఎక్కే పరీక్షలో నెగ్గారు. 2022 మే నెలలో శిరీషకు నియామక పత్రం అందింది. తెలంగాణలో తొలి లైన్ ఉమన్‌గా ఆమె పేరు పత్రికల్లో వచ్చింది. ‘లైన్‌మన్’ అన్న మాటలోనే మగవాడు ఉన్నాడు. గిండీలో లలిత డిగ్రీ పత్రం మీద చేసిన దిద్దుబాటు దాదాపు ఎనభై ఏళ్ళ తర్వాత మళ్ళీ చేయాల్సి వచ్చింది.

శిరీష చేతిలో ఉన్నది పెద్ద డిగ్రీ కాదు, ఐటీఐ సర్టిఫికెట్. అది లేకుంటే కోర్టుకు వెళ్ళినా చెప్పుకోవడానికి ఆధారం ఉండేది కాదు. వసంతకుమారికి హెవీ లైసెన్సు అలాంటిదే. తలుపు తెరిచే రోజు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఆ రోజుకు చేతిలో కాగితం సిద్ధంగా ఉండాలి. ఆ కాగితం పదో తరగతి తర్వాత మనం తీసుకునే నిర్ణయంతోనే మొదలవుతుంది.

నలుగురికీ దొరికినవి

ఈ నాలుగు జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తే మూడు సంగతులు కనిపిస్తాయి.

మొదటిది, మాట ఇచ్చిన మనిషి. లలితకు తండ్రి, ప్రిన్సిపాల్. దుర్గాబాయికి తండ్రి, తమ్ముడు. పక్కన నిలబడి ‘ఈమె తరఫున నేను మాట్లాడతాను’ అన్నవాళ్ళు వీళ్ళు.

రెండోది, ఏర్పాటు. హాస్టల్, 30 శాతం కేటాయింపు, కోర్టు ఆదేశం. ఇవి ధైర్యంతో పుట్టేవి కావు, ఎవరో కూర్చుని చేయాల్సిన పనులు. వాల్తేరులో హాస్టల్ లేకపోవడమే దుర్గాబాయి చదువుకు అడ్డమైంది. మన ఊళ్ళలో ఇవాళ చాలామంది ఆడపిల్లల చదువుకు అడ్డమయ్యేది కూడా ఇలాంటివే. సాయంత్రం ఆరు తర్వాత పల్లెకు బస్సు లేకపోవడం, వర్క్‌షాపు దగ్గర ఆడవాళ్ళకు మరుగుదొడ్డి లేకపోవడం, క్లాసులో ఒక్కతే ఆడపిల్ల కావడం.

మూడోది, రెండో మనిషి. లలిత వెంట లీలమ్మ, త్రేసియా వచ్చారు. దుర్గాబాయి ప్రకటనతో హాస్టల్ నిండింది. శిరీష ఒక్కతే కోర్టుకు వెళ్ళలేదు. ఒక్కతే అయితే వింతగా చూస్తారు. ఇద్దరు ముగ్గురైతే అలవాటవుతుంది. అందుకే ఒక ఆడపిల్లను మెకానికల్ చదవమని పంపితే చాలదు, ఆమెతో పాటు స్నేహితురాలినీ పంపాలి.

భయాలను కొట్టిపారేయలేం

తల్లిదండ్రుల భయాలు ఒట్టివి కావు. ఆడపిల్ల రాత్రి షిఫ్టులో ఉంటే ఎలా, పెద్ద చదువు చదివితే అంతకు మించిన వరుడిని ఎక్కడ తేవాలి, కట్నం ఎంత పెరుగుతుంది, ఇవన్నీ నిజమైన ప్రశ్నలే. రోజు కూలి మీద బతికే ఇంటికి, పారిశుద్ధ్య పనిలో తరాలుగా ఉన్న మన అరుంధతీయ కుటుంబాలకు ఇంకో మూడేళ్ళు చదివించడం అంటే మూడేళ్ళ సంపాదన వదులుకోవడం.

తెలుగు పిల్లకు ఇంకో అడ్డంకి ఉంది. పదో తరగతి వరకు తెలుగులో చదివినవారికి ఆ తర్వాత లెక్కలు, భౌతిక శాస్త్రం ఇంగ్లీషులోనో తమిళంలోనో ఎదురవుతాయి. పాఠం అర్థం కాదేమోనన్న బెంగతో పిల్లే వెనకడుగు వేస్తుంది. దాన్ని మనం ‘ఆమెకే ఇష్టం లేదు’ అని అర్థం చేసుకుంటాం. ఇంగ్లీషు వద్దని బడి మానిన దుర్గాబాయి తర్వాత అదే భాషలో లా చదివారన్న సంగతి అలాంటి పిల్లకు చెప్పాలి. మాతృభాష పునాది గట్టిగా ఉన్న పిల్ల రెండో భాషను అందుకోగలదు. దానికి కావలసింది ఆరు నెలల చేయూత.

పనుల్లో కష్టం ఉంటుందన్నదీ నిజమే. అయితే కష్టం లేని పని ఆడవాళ్ళకు ఎప్పుడు దొరికింది గనుక? పొద్దంతా వంగి చట్రాల్లో పుల్లలు పేర్చడం సులువైన పని అని ఎవరూ అనరు. అదే కష్టానికి నేర్పు, సర్టిఫికెట్ తోడైతే జీతం పెరుగుతుంది, మాటకు విలువ పెరుగుతుంది.

బడి చేయగల పనులు

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు మా సూచనలు కొన్ని.

ఫలితాలు రాకముందే పదో తరగతి ఆడపిల్లలతో, వాళ్ళ అమ్మానాన్నలతో కలిసి ఒక సమావేశం పెట్టండి. ప్లస్ వన్ గ్రూపులతో పాటు పాలిటెక్నిక్, ఐటీఐల గురించి కూడా చెప్పండి. పదో తరగతి తర్వాత మూడేళ్ళ డిప్లొమా చేస్తే ఇంజనీరింగ్ రెండో ఏడులో నేరుగా చేరవచ్చన్న సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. విరుదునగర్ జంక్షన్ మీదుగా, కోవిల్‌పట్టి మీదుగా రోజూ వెళ్ళే రైళ్ళను నడిపే ఉద్యోగానికి మొదటి మెట్టు అసిస్టెంట్ లోకో పైలట్. దానికి పదో తరగతితో పాటు తగిన ట్రేడులో ఐటీఐ, లేదా ఇంజనీరింగ్ డిప్లొమా ఉంటే దరఖాస్తు పెట్టుకోవచ్చు. చూపు బాగుండాలి. మన దేశంలో తొలి మహిళా రైలు డ్రైవరుగా పేరు పొందిన సురేఖా యాదవ్ కూడా డిప్లొమాతోనే రైల్వేలో చేరారు.

దూరం వెళ్ళక్కర్లేదు. కోవిల్‌పట్టిలో 1984 నుంచి నేషనల్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, లక్ష్మీ అమ్మాళ్ పాలిటెక్నిక్ ఉంది. విరుదునగర్ వైపు కామరాజ్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సెలవులకు ముందు ఒక రోజు ఎనిమిదో తరగతి ఆడపిల్లలను అలాంటి చోట వర్క్‌షాపు చూపించడానికి తీసుకెళ్ళండి. లేత్ యంత్రం తిరగడం కళ్ళారా చూసిన పిల్ల దాన్ని అబ్బాయిల వస్తువు అనుకోదు.

డబ్బు సంగతి. సాంకేతిక విద్యలో చేరిన ఆడపిల్లలకు ఏఐసీటీఈ ఇచ్చే ‘ప్రగతి’ స్కాలర్‌షిప్ ఉంది. ఎంపికైనవారికి ఏడాదికి 50,000 రూపాయలు. డిప్లొమాకూ, డిగ్రీకీ వర్తిస్తుంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, ఒక ఇంటి నుంచి ఇద్దరు ఆడపిల్లల వరకు పొందవచ్చు. ప్రభుత్వ బడుల్లో ఆరు నుంచి పన్నెండు వరకు చదివిన ఆడపిల్లలు పై చదువుల్లో చేరితే నెలకు 1,000 రూపాయలు ఇచ్చే ‘పుదుమై పెణ్’ పథకం 2022 సెప్టెంబరు 5న మొదలైంది. 2024 డిసెంబరులో తూత్తుకుడిలో జరిగిన సభలో దాన్ని ప్రభుత్వ సహాయం పొందే బడుల్లో తమిళ మాధ్యమంలో చదివినవారికీ విస్తరించారు. ఇక్కడ మాధ్యమం అన్న మాట దగ్గర మన బడులు జాగ్రత్తపడాలి. తెలుగు మాధ్యమం తరగతులున్న సహాయక బడుల ప్రధానోపాధ్యాయులు తమ పిల్లల సంగతిని విద్యాశాఖ కార్యాలయంలో రాతపూర్వకంగా ముందే తేల్చుకోవాలి. చేరిన తర్వాత తిరగడం కంటే అది మేలు. ప్రభుత్వ బడుల్లో చదివినవారికి ఇంజనీరింగ్ వంటి వృత్తి విద్యా కోర్సుల్లో 2021 నుంచి 7.5 శాతం సీట్లు ఉన్నాయన్నదీ గుర్తుంచుకోండి.

జులై 15న బడిలో కామరాజ్ చిత్రపటానికి పూలమాల వేసేటప్పుడు పక్కన దుర్గాబాయి పటం కూడా పెట్టండి. ఆగస్టు 27న ఉదయం ప్రార్థనలో లలిత గురించి ఐదు నిమిషాలు చెప్పించండి, అదీ ఒక అబ్బాయి చేత. ఈ సంగతులు ఆడపిల్లలకు తెలిస్తే సరిపోదు. రేపు ఆమె పక్క బెంచీలో కూర్చోబోయేవాడికీ, ఆమెకు తమ్ముడో భర్తో కాబోయేవాడికీ తెలియాలి.

చివరగా ఒక చిన్న పని. ప్రతి పదో తరగతి ఆడపిల్లను ‘నీకేం పని చేయాలనుంది’ అని అడిగి ఒక నోటు పుస్తకంలో రాసి ఉంచండి. జులైలో ఆమె ఏ కోర్సులో చేరిందో దాని ఎదురుగా రాయండి. రెండూ కలవని చోట కారణం రాయండి. డబ్బా, బస్సా, భాషా, భయమా? ఖర్చు లేని పని ఇది. వచ్చే ఏడు ఆ పుస్తకం తెరిస్తే మన బడి ఎవరికి తలుపు తీసిందో, ఎవరికి గడియ వేసిందో మన చేతిరాతలోనే కనిపిస్తుంది.